కంప్యూటరు ఆటల ధ్వని – పారిభాషిక పదాల సమస్య

1

భాషలోకి కొత్త మాట రావడం నిఘంటుకారునికి మాత్రమే సంబంధించిన వ్యవహారమని మనలో చాలామందికి ఒక భ్రమ వున్నది. ఆ మాటతో పని చేసేదెవరు, ఆ పనిలో చోటు దొరికేదెవరికి, వాకిట్లోనే నిలబడిపోయేదెవరు అన్న ప్రశ్నలకు జవాబు కూడా చాలావరకు ఆ మాటలోనే వుంటుంది. అందుచేత పారిభాషిక పదాల సమస్యను సాహిత్య విమర్శకు వెలుపలి విషయంగా భావించడం పొరపాటు.

కరీంనగర్‌లో నా దగ్గర చదువుకుంటున్న డిగ్రీ విద్యార్థి ఒకడు కంప్యూటరు ఆటలకు శబ్దాలు కూర్చే పని నేర్చుకుంటున్నాడు. ఒకనాడు తరగతి అయిన తర్వాత వచ్చి, "సార్, యాంబియెన్స్‌ను తెలుగులో ఏమనాలె?" అని అడిగాడు. నేను ఆలోచించకుండానే "వాతావరణ ధ్వని" అన్నాను. అతడు నవ్వు ఆపుకుంటూ, "వాన వార్తల లెక్క వున్నది సార్" అన్నాడు. అతని తాత ఒగ్గుకథ మేళంలో డోలు కొట్టినవాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా, "మీ తాతనడుగు" అని చెప్పడం ఆనాడు నాకు తోచలేదు. ఎమ్మే చదివిన తెలుగు ఉపన్యాసకునికి ఆ మాట ఎందుకు తోచలేదన్నదే ఈ వ్యాసానికి మూలం.

ఈ సమస్యపై ప్రస్తుతం రెండు వాదాలు వినవస్తున్నవి. మొదటిది నైరాశ్యవాదం: ఈ పని ఇంగ్లీషులో పుట్టింది, ఇంగ్లీషులోనే సాగుతుంది, తెలుగు దీనికి అక్కరలేదు. రెండవది పండితవాదం: ప్రతి ఇంగ్లీషు మాటకూ ఒక సంస్కృత సమాసం తయారుచేస్తే సమస్య తీరిపోతుంది. 'శ్రవ్య ఉత్పాదన', 'ధ్వని రూపకల్పన', 'పరివేష్టక నాదం' వంటివి ఈ రెండవ ధోరణి సంతానం. చూడడానికి ఈ రెండూ పరస్పర శత్రువులు. ఇద్దరూ ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తారు: శబ్దంతో పని చేసే తెలుగువాడు ఇంతకుముందు లేడు గనుక అతనినడగవలసిన పని లేదు. ఖండించవలసింది ఈ ఏకాభిప్రాయాన్నే.

2

ముందుగా అసలు వస్తువేమిటో చూద్దాం. ఆటలోని ధ్వని సినిమాలోని ధ్వని వంటిది కాదు. సినిమాలో శబ్దం కాలానికి కట్టుబడి వుంటుంది. నలభయ్యో నిమిషంలో ఉరిమితే, ఎన్నిసార్లు చూసినా ఆ నలభయ్యో నిమిషంలోనే ఉరుముతుంది. ఆటలో ఆడేవాడు తలుపు తీసినప్పుడే అది కిర్రుమనాలి. తీయకపోతే ఆ కిర్రు ఎన్నటికీ వినబడదు. ఒకడు రెండు నిమిషాల్లో దాటిపోయిన అడవిలో మరొకడు రెండు గంటలు తిరుగుతాడు. ఇద్దరికీ అడవి అడవిగానే వినిపించాలి. కనుక ఇక్కడ శబ్దం కూర్చేవాడు ఒక పాటను తయారుచేసి వూరుకోడు. ఎప్పుడు ఏది వినిపించాలో చెప్పే నియమాలను కూడా తయారుచేస్తాడు.

1978లో జపాన్‌లోని టైటో సంస్థ తరఫున తొమొహిరో నిషికడో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఆటలో ఈ సూత్రం తొలి దశలోనే స్పష్టంగా కనిపిస్తుంది. అందులోని నేపథ్యమంతా దిగుతూ వచ్చే నాలుగు స్వరాలే. అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. శత్రువులు వేగంగా కదిలినకొద్దీ స్వరాలూ వేగం పుంజుకుంటాయి, ఆడేవాని గుండె దడ పెరుగుతుంది. 1991లో లూకాస్‌ఆర్ట్స్ సంస్థలో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌కానెల్ అనే ఇద్దరు 'ఐమ్యూజ్' అనే పద్ధతిని నిర్మించి, 'మంకీ ఐలాండ్' రెండవ ఆటలో ప్రయోగించారు. ఆడేవాడు ఒక చోటినుంచి మరొక చోటికి పోతే సంగీతం తెగిపోకుండా, తగిన చోట మలుపు తీసుకొని కొత్త బాణీలో ప్రవేశిస్తుంది. ఇప్పుడు 'ఎఫ్‌మాడ్', 'వైజ్' అనే సాధనాలతో ఈ పని చేస్తున్నారు.

ఈ పనిలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నవి. మొదటి పద్ధతిలో ఒకే బాణీని పొరలుగా విడదీసి అన్నిటినీ ఏకకాలంలో నడుపుతారు. ప్రమాదం ముంచుకొస్తే డోళ్ళ పొర పైకి తేలుతుంది, శాంతిస్తే అణిగిపోతుంది. రెండవ పద్ధతిలో బాణీని ముక్కలు చేసి, సందర్భాన్ని బట్టి ఒకదాని వెంట ఒకటి పేరుస్తారు. ఇంగ్లీషులో వీటిని నిలువు, అడ్డం అనే మాటలతో గుర్తిస్తారు. సిరిసిల్ల నేతగానికి ఈ తేడా చెప్పి చూడండి. మొదటిది పడుగు, రెండవది పేక అని అతడు క్షణంలో అంటాడు. పడుగు పోగులు ఒకదాని పక్క ఒకటి మొదటినుంచి చివరిదాకా కలిసి నడుస్తాయి. పేక పోగు ఒకటి పడిన తర్వాతనే మరొకటి పడుతుంది. ఇంతకంటె పొందికైన పారిభాషిక పదాలను ఏ సంఘం కూర్చుని కల్పించగలదు?

ఇంకొక మాట. ఆటలోని ఈ సంగీతానికి మన దేశంలో దగ్గరి బంధువెవరని అడిగితే చాలామంది సినిమా పాటను చూపుతారు. దగ్గరి బంధువు ఒగ్గుకథ. బీరప్ప కథగానీ, మల్లన్న కథగానీ చెప్పే ఒగ్గు కళాకారుడు కథను ఎక్కడ పొడిగిస్తాడో, ఎక్కడ కుదిస్తాడో ముందుగా రాసిపెట్టి వుండదు. జనం మీద చూపు నిలిపి అతడు కథ నడుపుతాడు. అతని మీద చూపు నిలిపి డోలు, తాళం, నపీర నడుస్తాయి. యుద్ధం వస్తే డోలు ముందుకు దూకుతుంది, దుఃఖం వస్తే వెనక్కు తగ్గుతుంది, వంతపాటగాడు ఆ సందును పూరిస్తాడు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కళాకారుల ప్రదర్శనలు చూసినవారికి ఇది వివరించనక్కర లేదు. సందర్భాన్ని విని స్పందించే సంగీతం మన ప్రజలకు కొత్త కాదు. దానిని యంత్రానికి అప్పగించడం మాత్రమే కొత్త.

3

పారిభాషిక పదాల నిర్మాణంలో మనకు అనుభవం లేకపోలేదు. హైదరాబాదు రాజ్యంలో 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలసింది. మరుసటి సంవత్సరం స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలో సమకూర్చడం దాని పని. 1921లో వహీదుద్దీన్ సలీం పారిభాషిక పదాలను ఎట్లా నిర్మించాలన్న విషయంపై ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. ఆ కృషిని తక్కువ చేయడం అన్యాయం. వైద్యమూ, ఇంజనీరింగూ సైతం భారతీయ భాషలో బోధించవచ్చునని లోకానికి నిరూపించిన కృషి అది. కాని అదే 1921 నవంబరులో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోనుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఒకవైపు అరబ్బీ, పారసీ ధాతువులనుంచి వేల పదాల కల్పన, మరొకవైపు రాజ్యంలో అత్యధిక సంఖ్యాకుల నాలుకకు సభలో చోటు లేకపోవడం – ఈ వైరుధ్యమే ఆ కృషిని లోపలినుంచి తినివేసింది. 1948 తర్వాత ప్రభుత్వం మారగానే బోధనా భాష ఇంగ్లీషయింది. ఆ పదాలలో అధిక భాగం గ్రంథాలయాల బీరువాలలో మిగిలిపోయింది. వీధిలో బతికిన ఉర్దూ మాటలు మాత్రం చెక్కుచెదరలేదు. కరీంనగర్ రైతు ఇప్పటికీ దర్వాజ వేస్తాడు, సడక్ మీద నడుస్తాడు, రేడియో ఆవాజ్ తగ్గించమంటాడు.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పాత కరీంనగర్ జిల్లా వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. కళాశాల పాఠ్యగ్రంథాలకు తెలుగులో పదజాలం కూర్చిన గౌరవం ఆ సంస్థది. అయినా ఆ పదజాలంలో ఎంత భాగం తరగతి గది గడప దాటిందన్న ప్రశ్న మనం వేసుకోవలసిందే.

వీటికి భిన్నమైన మార్గం ఒకటి మనకు 1962లోనే దొరికింది. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1971 నాటి చేనేత సంపుటం దాని వెంట వచ్చింది. ఆ పండితులు పదాలను కల్పించలేదు. జిల్లాజిల్లాకూ పోయి రైతునూ, నేతగాణ్ణీ అడిగారు. నాగలిలోని ఏ భాగాన్ని ఏ సీమలో ఏమంటారో రాసుకున్నారు. శాస్త్రజ్ఞుడు శ్రామికుని ముందు విద్యార్థిగా కూర్చున్న అరుదైన సందర్భమది. ధ్వని విషయంలో మనం అనుసరించవలసింది ఆ దారి.

4

ఆ దారిలో నాలుగడుగులు వేసి చూద్దాం.

ఇంగ్లీషు పనివాడు ఆటలోని శబ్దాలను సంగీతం, సంభాషణ, ఎఫెక్టు, యాంబియెన్స్ అని ప్రధానంగా నాలుగు గంపలుగా వేరుచేస్తాడు. కూర్పు సౌకర్యానికి ఏర్పడిన విభజన ఇది. తెలుగువాడు శబ్దాలను విభజించే తీరు వేరు. 'చప్పుడు' దేనికైనా చెల్లే మాట. 'సడి' వినీవినబడనిది. 'మోత' ఆగకుండా కొట్టుకునేది, మరమగ్గాలది మోత. 'హోరు' ఎడతెగని, అంచులు తెలియని శబ్దం. గాలివానది, వరద గోదావరిది హోరు. 'రొద' చెవికి బాధ కలిగించేది. 'సందడి' మనుషులు గుమికూడినప్పటి శబ్దం. అందులో సంతోషం కూడా కలిసి వుంటుంది. ఇక 'అలికిడి' వున్నదే, అది అపూర్వమైన మాట. కనబడని ప్రాణి ఒకటి దగ్గరలో వున్నదని తెలిపే చిన్న చప్పుడు అలికిడి. అలికిడి అనగానే వినేవాడొకడు చెవి రిక్కించి వున్నాడని కూడా అర్థమవుతుంది.

ఆటల్లో గోడ చాటున శత్రువు అడుగు వేస్తాడు. ఆడేవాడు కంటితో చూడకముందే చెవితో పసిగట్టాలి. గెలుపోటములు దానిమీద ఆధారపడుతాయి. ఇంగ్లీషు పనివాడు ఆ శబ్దాన్ని 'ఫుట్‌స్టెప్స్' అని వస్తువు పేరుతో పిలుస్తాడు. తెలుగువాడు 'అలికిడి' అని ప్రయోజనం పేరుతో పిలువగలడు. ఇక్కడ మనం ఇంగ్లీషుకు అనువాదం చేయడం లేదు. ఆ పనిలో వున్న ఒక భావానికి మన భాష పేరు పెడుతున్నది. నా విద్యార్థి ప్రశ్నకు కూడా ఇప్పుడు జవాబు దొరుకుతుంది. 'యాంబియెన్స్' అంటే ఒక్క మాట వెదకడమే తప్పు. అంగడికి సందడి, అడవికి సడి, ఏటికి హోరు, కార్ఖానాకు మోత. ఒకే గంపలో వేసిన శబ్దాలను మన భాష వేరువేరుగా విన్నది.

రెండవది శబ్దపు ఆయుష్షు. యంత్రంలో ప్రతి శబ్దానికీ నాలుగు దశలు లెక్కకడతారు: పుట్టి శిఖరానికి చేరడం, అక్కడినుంచి కొంత తగ్గడం, ఒక స్థాయిలో నిలవడం, చివరకు వదలిపోవడం. పద్యం ప్రారంభాన్ని మనం ఎత్తుగడ అంటాం. ఆ మాటే మొదటి దశకు చాలును. తక్కినవి తగ్గు, నిలకడ, విడుపు. డప్పు మీద సిర్ర పడితే ఎత్తుగడ కత్తిలా వుంటుంది, నిలకడ వుండదు. నపీరకు ఊదేవాని ఊపిరి వున్నంతసేపు నిలకడే. ఈ తేడాను డప్పు కొట్టేవాడు చేతిలో ఎరుగును.

మూడవది 'పలుకు'. ఒకే స్థాయిలో, ఒకే బలంతో మోగినా డోలు డోలుగా, డప్పు డప్పుగా వినబడడానికి కారణమైన గుణాన్ని మన పుస్తకాలు 'నాదగుణం' అంటాయి. పనివారు 'పలుకు' అంటారు. డప్పును మంటకు కాపితే తోలు బిగిసి పలుకు తేరుతుంది. గోదావరిఖని, మంచిర్యాల ప్రాంతపు బొగ్గుబావుల్లో పలుకు ప్రాణాలకు సంబంధించినది. గనిలో పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖణేల్‌మంటుంది, లోపల విడివడిన పొర బోలుగా పలుకుతుంది. ఆ బోలు పలుకును గుర్తించలేని చెవి మనిషిని బండ కింద పడవేస్తుంది. వినడమనే విద్యను ఇంత కఠినమైన పాఠశాలలో నేర్చుకున్న జనానికి ధ్వని పరిభాష లేదనడం ఎంత అజ్ఞానం!

పండితుల సంప్రదాయాన్ని కూడా పారవేయనక్కర లేదు. తొమ్మిదవ శతాబ్ది కాశ్మీర విమర్శకుడు ఆనందవర్ధనుడు కావ్యంలోని వ్యంగ్యార్థానికి 'ధ్వని' అని పేరు పెట్టాడు. గంట మోగిన తర్వాత మిగిలే అనురణనంతో ఆ అర్థం ప్రసరించే తీరును పోల్చడం ఆ సంప్రదాయంలోనే వున్నది. ఆటలో శబ్దం చేసే పని కూడా ఇదే. బయటికి కిర్రుమన్న తలుపు, లోపల 'ఇక్కడికి ఎవరో వచ్చి పోయారు' అన్న అర్థం. కనుక 'ధ్వని' అన్న మాటను చప్పుడుకు పర్యాయంగా వాడి చవక చేయక, చప్పుడు వెనుక అర్థాన్ని కూర్చే విద్యకు నిలుపుకోవచ్చును.

5

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. డప్పు కొట్టేవానికి డెసిబెల్ తెలుసునా? హెర్ట్జ్ తెలుసునా? తెలియకపోవచ్చును. ఆ మాటలను తెలుగు చేయవలసిన పనీ లేదు. హెర్ట్జ్ ఒక జర్మన్ శాస్త్రజ్ఞుని పేరు. డెసిబెల్‌లోని బెల్ టెలిఫోను నిర్మాత పేరు. అవి లోకమందరి సొత్తు. మైకు, రికార్డింగు, లూపు, మిక్సింగు అప్పుడే మన నోళ్ళలో నలిగి తెలుగైనవి. మిక్సింగును 'కలుపు' అని తెలుగు చేస్తే మా జిల్లా రైతుబిడ్డ దాన్ని పీకి గట్టు మీద పడవేస్తాడు. కొలతలకూ, యంత్ర భాగాలకూ వచ్చిన మాటను వచ్చినట్టే తీసుకుందాం. చెవి తీర్పు చెప్పవలసిన చోట, అనగా ఏ శబ్దం దేనికి తగును, ఎంత వుండాలి, ఏమి స్ఫురింపజేయాలి అన్న చోట మాత్రం మన మాట వుండి తీరాలి. మాట లేనివాడు ఆ తీర్పులో పాల్గొనలేడు. చెప్పిన పని చేసే కూలిగానే మిగిలిపోతాడు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, ఆటల పరిశ్రమ కోసం ప్రత్యేక విధానం ప్రకటించింది. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ తెరిచారు. భవనం కట్టినంత మాత్రాన మన పిల్లలు ఆ తీర్పు చెప్పే స్థానానికి చేరరు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది, అది మన వైపునుంచే రావాలి. పనివారి మాటలను పొగిడే ఉత్సాహంలో ఆ పని వెనుకనున్న దౌర్జన్యాన్ని మరచిపోరాదు. డప్పు మాదిగల చేతికి కళగా మాత్రమే రాలేదు. చావుకూ, చాటింపుకూ కూలి లేకుండా కొట్టించుకున్న వెట్టిగా కూడా వచ్చింది. దానిని ఆత్మగౌరవ చిహ్నంగా మార్చుకున్నది ఆ ప్రజల పోరాటం. 1994లో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరు ధరించడం ఊరికే కాదు. ఆదిలాబాదు ఆదివాసుల తుడుం కూడా అంతే. దండారి పండుగలో గుస్సాడీలను ఆడించే ఆ వాద్యం పేరును ఒక హక్కుల సంఘం తన పేరులో కలుపుకున్నది. పైగా తుడుం, పెప్రె, కిక్రి అన్నవి గోండుల, పర్ధానుల, తోటీల వాద్యాలు. గోండీ తెలుగుకు చుట్టమైన భాషే గాని తెలుగు మాండలికం కాదు. ఆ పేర్లను ఆ పేర్లుగానే స్వీకరించాలి. 'గిరిజన వాద్యం' అన్న మూటలో కట్టివేయడం ఒక రకమైన దోపిడీ.

పేరు ఎంత విలువైనదో ఈ పరిశ్రమకు బాగా తెలుసు. అడుగుల చప్పుడు, బట్టల సడి వంటివాటిని స్టూడియోలో చేతులతో పుట్టించే విద్యకు లోకమంతటా 'ఫోలీ' అని పేరు. అది 1920ల చివర హాలీవుడ్‌లో ఆ పని చేసిన జాక్ ఫోలీ అనే పనివాని ఇంటిపేరు. అక్కడ పనివాని పేరు విద్యకే పేరయింది. ఇక్కడ, ఒక డోలు దెబ్బను అరసెకను రికార్డు చేసి 'ఇండియన్ డ్రమ్' అని గుర్తు వేస్తే, కొట్టిన చేయి, దెబ్బ పేరు, ఊరు, కులం అనుభవించిన కష్టం అన్నీ ఆ గుర్తులో మాయమవుతాయి. ఆ అరసెకను వెయ్యి ఆటల్లో మోగవచ్చు. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఒక్కనికి పురస్కారం ఇచ్చి, తక్కిన వందలమంది దెబ్బలను పేరు లేని సరుకుగా నిలువచేసుకోవడం గౌరవమనిపించుకోదు.

కాబట్టి పరిభాష సమస్యను కూలి సమస్యనుంచి విడదీయరాదని నా అభిప్రాయం. దెబ్బకు పేరుంటే దాన్ని కొట్టినవాణ్ణి గుర్తించవచ్చు. గుర్తిస్తే అతని పేరు ఆట చివర వేయమని అడగవచ్చు, ప్రతిఫలం అడగవచ్చు. 'డ్రమ్ నాలుగు' అన్న గుర్తుకు ఎవరూ బకాయి పడరు.

6

చేయవలసిన పని పెద్దదే గాని అసాధ్యమైనది కాదు. పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016లో అనేక జిల్లాలుగా విడిపోయినవి. వాటిలో ప్రతి పట్టణంలోనూ ఒక కళాశాల, అందులో ఒక తెలుగు శాఖ వున్నవి. విద్యార్థుల జేబులో రికార్డు చేయగల ఫోను వున్నది. 1962 నాటి పండితులకు లేని సాధనమది. ఒగ్గు మేళాన్ని, డప్పు దళాన్ని, దండారి గుంపును, మగ్గాల ఇళ్ళను, గని కార్మికులను అడిగి ఒక్కొక్క దెబ్బనూ, పలుకునూ, చప్పుడునూ పేరుతో, ఊరితో, చెప్పినవారి అనుమతితో రాసుకోవాలి. పక్కన కంప్యూటరు పని తెలిసిన విద్యార్థి కూర్చుని, ఏ మాట ఏ అవసరానికి సరిపోతుందో, ఎక్కడ ఇంగ్లీషు మాటనే వుంచాలో తేల్చాలి. పండితుని వంతు ఆ తర్వాతనే.

ఆ విద్యార్థి మొన్న మళ్ళీ వచ్చాడు. తాతను అడిగాడట. డోలు వెనక్కు తగ్గి కథకునికి చోటిచ్చే ఘట్టాన్ని మీ మేళంలో ఏమంటారని అడిగితే, ముసలాయన చాలాసేపు ఆలోచించి, పేరేమీ లేదన్నాడట. తర్వాత డోలు తెమ్మని, కొట్టి చూపించాడట. "ఇప్పుడు దానికి పేరు ఎవరు పెట్టాలె సార్?" అని అతని రెండవ ప్రశ్న. ఈసారి నేను తొందరపడి జవాబు చెప్పలేదు. వచ్చే ఆదివారం వాళ్ళ ఊరికి పోతున్నాము, పుస్తకం పట్టుకొని.